మూడంగుళాల బేరం

1979 వేసవిలో నేను జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి అప్లయన్సు వర్క్‌షాపులో రెండో గ్రేడు టెక్నీషియన్‌ని. సాక్చి బజారులో వంకాయల మీద, వెండి పట్టీల మీద, ఆఖరికి పురోహితుడి దక్షిణ మీద బేరమాడినవాళ్ళని చూస్తూ పెరిగాను గానీ, మనిషి నడుము చుట్టుకొలత మీద బేరమాడిన మొనగాణ్ణి మాత్రం నన్ను తప్ప ఇంకొకణ్ణి చూడలేదు. ఆవిడ ఇరవైనాలుగు అంది. నేను ఇరవైయేడు అన్నాను. ఇరవైయైదు దగ్గర బేరం తెంచాను. ఆ గెలుపుకి బయటికి వెళ్ళి స్పెషల్ టీ కూడా తాగాను.

అప్లయన్సు వర్క్‌షాపు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కాళ్ళు విరిగినవాళ్ళకి, పోలియో వచ్చిన పిల్లలకి, వెన్ను దెబ్బతిన్నవాళ్ళకి కావలసిన ఆసరాలు తయారుచేసే చోటు అది. కాలికి కట్టే ఇనప కాలిపర్లు, మెడకి పట్టీలు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి ఎత్తు బూట్లు. అన్నిటికంటే గిరాకీ ఎక్కువ నడుము కార్సెట్‌కి. బరువులెత్తే ఖలాసీలు, పొద్దస్తమానం క్రేను మీద కూర్చునే డ్రైవర్లు దాన్ని ‘కమర్ పట్టా’ అనేవారు. మందపాటి డ్రిల్లు గుడ్డ రెండు పొరలుగా కుట్టి, పొరల మధ్య నిలువునా సన్నటి అరలు తీసి, వాటిలో ఉక్కు పట్టీలు దూర్చి, వీపు వైపు నాడాలతో బిగిస్తాం. ఆ ఉక్కు పట్టీని స్టే అంటాం. మంచి స్టే వంగుతుంది, వంగి మళ్ళీ నిటారుగా లేస్తుంది. వంగి వంగినట్టే ఉండిపోతే దాన్ని తుక్కులో వేయాలి.

మా దగ్గర కింద హెల్పరు, ఆ పైన రెండో గ్రేడు, ఒకటో గ్రేడు, అందరి మీదా ఫోర్మన్ మిశ్రాజీ. రెండో గ్రేడు నుంచి ఒకటో గ్రేడుకి ఎక్కాలంటే ట్రేడ్ టెస్టు ఇవ్వాలి. కొలత తీయడం నుంచి ఆఖరి కుట్టు దాకా ఒక వస్తువు ఒంటి చేత్తో తయారుచేసి, దాన్ని ఒక మనిషికి తొడిగి, ఆ మనిషితో సహా పరీక్షకుల ముందు నిలబడాలి. మనిషిని అభ్యర్థే వెతుక్కోవాలి. టెస్టు అయ్యాక సామాను ఖర్చు కట్టేస్తే ఆ వస్తువు తొడుక్కున్నవాళ్ళదే. ఆ నిబంధనల కాగితం ఇచ్చినప్పుడు మిగతా అభ్యర్థులు మొదటి వాక్యం చదివారు. బట్టల కొట్టువాడి కొడుకుని కాబట్టి నా కన్ను ఆఖరి వాక్యం మీద పడింది.

సరిగ్గా ఆ వారంలోనే రత్నకుమారి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పలాస వైపు మనిషి. భర్తకి టాటానగర్ స్టేషన్‌లో వ్యాగన్లు జతచేసే ఉద్యోగం. తను ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కర్మాగారం ఆఫీసులో టైపిస్టు. సంచీలోంచి న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం తీసి బల్ల మీద విప్పింది. ఒకప్పుడు గులాబీ రంగులో ఉండి ఇప్పుడు ఏ రంగూ కాకుండా పోయిన పాత విలాయతీ కార్సెట్. ముందువైపు కొక్కేల పట్టీ రెండు ముక్కలైంది.

“ఇలాటిది కుట్టగలరేటండి?” అని అడిగింది.

కార్డు తీసి, అలవాటు ప్రకారం నొప్పి ఎక్కడని అడిగాను.

“నొప్పేటి? నాకు నొప్పి లేదండి.”

డాక్టరు చీటీ లేకుండా బయటివాళ్ళకి కుట్టకూడదని రూలు. ఆ మాటే చెప్పాను. నడుము నొప్పి అని ఒక చీటీ రాయించుకొస్తే సులువైపోతుందని సలహా కూడా ఇచ్చాను. ఆవిడ పొట్లం మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. బజారులో టైలర్లందర్నీ అడిగిందట, ఒకడు నవ్వాడట, ఒకడు ‘సర్కస్‌లో చేరతావా బహెన్‌జీ’ అన్నాడట. ఇక్కడైనా పని తెలిసినవాళ్ళు ఉంటారని వచ్చిందట.

ఆడవాళ్ళకి కొలత తీయాలంటే మా దగ్గర ఆడ అటెండెంటు పక్కన ఉండాలి. ఆ పని పైడమ్మది. టేపు పట్టి అంకె చెప్పడం ఆవిడ వంతు, రాసుకోవడం నా వంతు. మూలన దూది చుట్టుకుంటున్న పైడమ్మ ఉండబట్టలేక లేచి వచ్చింది.

“రోగం నేకపోతే ఇదెందుకే తల్లీ, ఈ ఎండల్లో?”

“ఇష్టం అక్కా. ఇది కడితే చీర నిలబడద్ది. నేనూ నిలబడతాను.”

“మీ ఆయనకి తెలుసా?”

“తెలవకేటి? నాడాలు బిగించేది ఆయనే. వ్యాగన్లకి కప్లింగు బిగించినట్టు లాగీత్తాడు. ఇది గూడ్సు బండి కాదు బాబూ, మెల్లగా అని రోజూ చెప్పాల.”

పైడమ్మ నవ్వుకి చేతిలో దూది ఉండ జారిపోయింది.

ఆవిడ చెప్పింది ఇదీ. రైల్వే క్వార్టర్లలో పక్కింట్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ముసలావిడ, డాలీ ఆంటీ, ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఈ కార్సెట్ రత్నకుమారికి ఇచ్చి, వాడే పద్ధతి నేర్పింది. మొదట్లో వదులుగా, కొద్దిసేపే కట్టుకోవాలి. వారాల తరబడి కొంచెం కొంచెంగా బిగించాలి. గుడ్డ ఒంటికి అలవాటు పడాలి, ఒళ్ళు గుడ్డకి అలవాటు పడాలి. తినేటప్పుడు వదులు చేయాలి, పడుకునేటప్పుడు విప్పాలి, ఊపిరి అందకపోతే ఆ రోజుకి మానేయాలి. డాలీ ఆంటీ లెక్కలో అదొక క్రమశిక్షణ, పొద్దున్నే లేచి వ్యాయామం చేసినట్టు. రత్నకుమారి ఆరేళ్ళుగా అలాగే కడుతోంది. అత్తగారు మొదలు ఆఫీసు ఆడవాళ్ళ దాకా అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, నీకేం జబ్బు అని.

ట్రేడ్ టెస్టుకి రమ్మని అప్పుడే బేరం పెట్టాను. నాకు మనిషి కావాలి, ఆవిడకి కార్సెట్ కావాలి. సామాను ఖర్చు ముప్పయ్యెనిమిది రూపాయలు కడితే వస్తువు ఆవిడదే, కూలి ఉండదు. రోగుల ఒంటి మీద కంటే ఆరోగ్యంగా ఉన్న ఒంటి మీద పనితనం బాగా కనబడుతుందన్నది నా లోపలి లెక్క. ఆవిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద. “అక్కడ నొప్పని చెప్పమనకండి. నేను చెప్పను.” షరతుకి ఖర్చేమీ లేదు కదా అని వెంటనే సరేనన్నాను.

ఆ తర్వాతే నడుము బేరం. పైడమ్మ టేపు చుట్టి ఇరవైయెనిమిది అంది. మా పద్ధతిలో ఒక అంగుళం తగ్గించి కుడతాం. రత్నకుమారి నాలుగు తగ్గించమంది. అమ్మా, ఇది ఆసుపత్రి అన్నాను. డాలీ ఆంటీది ఇరవైనాలుగేనండి అంది. పాత సరుకు కొలతలు ఇప్పుడు చెల్లవన్నాను. పైడమ్మ మధ్యవర్తిగా దూరి, “సర్లే బాబూ, మీ మాటా ఒద్దు, ఆయమ్మ మాటా ఒద్దు, ఇరవయ్యయిదు సేసీండి” అని తేల్చింది. మూడంగుళాల తగ్గింపు. చేతులు కలపడం ఒక్కటే తక్కువ.

మిగతాది నా సొంత తెలివి. నడుముకి మూడు తగ్గించాం కదా అని పక్కటెముకల దగ్గరా మూడు తగ్గించాను, తుంటి దగ్గరా మూడు తగ్గించాను. పండగలకి మా కొట్టు ముందు బోర్డు పెట్టేవాళ్ళం, ఇన్ని రూపాయలకి ఇంత తగ్గింపు, అన్ని బట్టల మీదా ఒకటే రేటు అని. ఆ బోర్డు నా బుర్రలో ఉంది. పైగా రోగులకి మేము కుట్టే పట్టీ అలాగే ఉంటుంది. పై నుంచి కింద దాకా సమానంగా అదిమి పట్టుకోవడమే దాని పని. స్టోర్సులో అభ్యర్థికి ఒకసారి మాత్రమే గుడ్డ ఇస్తారు. ఆ గుడ్డంతా కత్తిరించి, పద్నాలుగు స్టేలు దూర్చి, నాడాలు దూరే ఐలెట్లు కొట్టి, సోమవారం టెస్టనగా శనివారానికి సిద్ధం చేశాను. కుట్టు మాత్రం, నిజం చెప్పాలంటే, అద్దంలా వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది రత్నకుమారి. తెర వెనక పైడమ్మ నాడాలు బిగించింది. తర్వాత స్టూలు కదిలిన చప్పుడు, “కూకోలేకపోతన్నాను అక్కా” అన్న మాట. చీర సర్దుకుని బయటికి వచ్చి అద్దం ముందు నిలబడింది. భుజాల నుంచి కింద దాకా ఒకే గీత.

“నడుం అడిగితే గొట్టం కుట్టీసినారేటండి?”

“ఈ ఉక్కు ఊళ్ళో గొట్టాలకేటి కరువు బాబూ,” అంది పైడమ్మ, “మరొకటి మీరూ సెయ్యాలేటి?”

మూడంగుళాలు తగ్గింది కదమ్మా, అనుకున్నదే కదా అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. “నడుం దగ్గర అదిమితే ఆ ఒళ్ళు ఎక్కడికి పోద్దండి? మాయమైపోద్దా? పైకి కొంత, కిందకి కొంత జరగాల. అక్కడ కూడా మూసీసినారు. ఇంక నేను ఊపిరెక్కడ పెట్టుకోను?”

తెర వెనక్కి వెళ్ళి కార్సెట్ విప్పించుకుని వచ్చి, దాన్ని నా చేతిలో పెట్టింది. అంతలో మిశ్రాజీ వచ్చాడు. కుట్టు మీద గోరుతో గీశాడు, స్టే మీద బొటనవేలితో నొక్కి వదిలాడు, అది లేచి నిలబడింది. “ఏ వన్, గుప్తాజీ. పాస్ సమఝో” అని, పాసైనట్టే లెక్కగట్టి వెళ్ళిపోయాడు. ఆయన తప్పు చెప్పలేదు. టెస్టు కొలమానం ప్రకారం అది నూటికి నూరు మార్కుల వస్తువు. నడుము నొప్పి ఉన్న మనిషికి అలాంటిదే కావాలి. తొడుక్కున్న మనిషికి తప్ప దానితో ఎవరికీ ఇబ్బంది లేదు.

నేను రెండో బేరానికి దిగాను. సోమవారం ఒక్క అరగంట దీన్ని కట్టుకుని నిలబడితే చాలు, అడిగితే నడుము కొంచెం లాగుతుందని అంటే చాలు, ఒకటో గ్రేడు రాగానే ఆవిడకి కావలసింది నా ఖర్చుతో కుట్టిస్తానన్నాను. నాకప్పుడు ఇద్దరు పిల్లలు. మళ్ళీ టెస్టు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. అదంతా కూడా చెప్పాను.

రత్నకుమారి విన్నది. “ఆరేళ్ళ బట్టి మా అత్తకి చెప్పతన్నాను, నాకు రోగం నేదు అత్తా, నాకు బాగుంటాదని కడతన్నాను అని. ఇప్పుడు డాక్టర్ల ముందర నిలబడి రోగం ఉందనమంటారా? రేపు ఆ మాట మా ఇంటికి రాదేటి? మీ గ్రేడు మీకు కావాల, నిజమే. నా మాట నాకు కావాలి కదండీ.” కార్సెట్‌ని నా చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి బల్ల మీద ఉంచింది. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి వస్తాను, కుదిరినది ఉంటే కట్టుకుంటాను, లేకపోతే ఆఫీసుకి పోతాను అని చెప్పి వెళ్ళింది.

ఇక్కడ నేను మనసు మార్చుకున్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలా జరగలేదు. ఆ గొట్టాన్ని పట్టుకుని పైడమ్మని వెంటేసుకుని ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళాను. నడుము నొప్పి ఉన్న మనిషి ఎవరైనా దానిలో ఇముడుతుందేమోనని మంచం మంచానికీ తిరిగాను. ఒకరికి చాలలేదు, ఒకరికి వదులైంది, ఒకావిడ పైడమ్మని ఒడియాలో తిట్టింది. అమ్ముడుపోని సరుకుని అంగడి అంగడికీ తిప్పే మారుబేరగాడి బతుకు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది. ఇక మిగిలింది కొత్తది కుట్టడమే.

గుడ్డ కోసం ఆదివారం నాన్న దగ్గరికి వెళ్ళాను. కొట్టుకి సెలవైనా నాన్నకి సెలవుండదు. తలుపు సగం తెరిచి కూర్చునేవాడు. డ్రిల్లు మీటరున్నర అడిగాను.

“రోగులకా?”

“కాదు. ఫ్యాషన్‌కి.”

“రోగులకైతే తగ్గించి ఇద్దునురా. ఫ్యాషన్‌కైతే పూర్తి రేటు. ఇష్టపడి కొనీవోడికి తగ్గించకూడదు.”

“నేను నీ కొడుకుని.”

“అందుకే అరువు ఇవ్వను, నగదే ఇచ్చీ.”

గుడ్డ కొలుస్తూ విషయం అడిగాడు. చెప్పాను. మూడు చోట్లా మూడేసి అంగుళాలు తగ్గించానన్న దగ్గర ఆయన చేతిలో కత్తెర ఆగింది. “బోర్డు మీద రాసీది జనం కోసంరా వెర్రోడా. లోపల అలాగ ఇత్తే కొట్టు మూసీయాల. కదలని సరుకు మీద తగ్గిత్తాం. పోయే సరుకు మీద ఆ తగ్గించినదే కలిపీత్తాం. ఇన్నేళ్ళు గల్లా దగ్గిర కూకుని ఏటి చూసినావు?”

రత్నకుమారి ముందు రోజు చెప్పిన మాటే ఇది. ఆవిడ చెప్పినప్పుడు కోపంగా వినబడింది, నాన్న చెప్పినప్పుడు లెక్కలా వినబడింది. ఇంటికి వచ్చి కొత్తగా గీశాను. తగ్గింపంతా నడుము దగ్గరే పెట్టి, పక్కటెముకలకీ తుంటికీ అసలు కొలత మీద అర అంగుళం చొప్పున ఎక్కువే ఇచ్చాను. గుడ్డని పొడుగు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కా మధ్యలో సన్నమై రెండు చివర్లా విచ్చుకునేలా కత్తిరించాను. వెనక నాడాల దగ్గర రెండు వేళ్ళ ఖాళీ వదిలాను. పాతదానిలోంచి స్టేలు ఊడదీసి దీనిలో వేశాను. మా ఆవిడ మిషను తొక్కి సాయం చేసింది గానీ, ‘ఎవరీ రత్నకుమారి’ అని మూడుసార్లు అడిగింది.

సోమవారం ఎనిమిదింటికి అన్న మాట ప్రకారం రత్నకుమారి వచ్చింది. పైడమ్మ బిగించడానికి లాగుతుంటే మధ్యలోనే ఆపేసింది. కొత్త గుడ్డని మొదటి రోజే అంత లాగకూడదట. టేపు పెడితే ఇరవైయారున్నర. నేను చెమటోడ్చి తెంచిన ఇరవైయైదు ఆ రోజు ఎక్కడా లేదు. ఆవిడ తొందరేమీ లేదంది, ఆ అంకె దసరాకి వస్తుందిలే అంది. స్టూలు మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. “ఆఁ. ఇదండి” అంది.

పరీక్షకులు ముగ్గురు. భౌతిక చికిత్స విభాగం డాక్టరమ్మ, బయటి నుంచి వచ్చిన ఒక టెక్నికల్ ఆఫీసరు, మా మిశ్రాజీ. పద్ధతి ప్రకారం తొడుక్కున్న మనిషిని నడిపించారు, వంగమన్నారు, మెట్ల బల్ల ఎక్కించి దింపారు. టెక్నికల్ ఆఫీసరు పెన్సిలు కింద పడేస్తే రత్నకుమారి మోకాళ్ళు వంచి తీసి ఇచ్చింది. స్టే ఎక్కడా గుచ్చుకోలేదు, అంచు పైకి జరగలేదు. మిశ్రాజీ నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు డాక్టరమ్మ నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని హిందీలో అడిగింది. నొప్పి లేదంది రత్నకుమారి, హిందీలోనే. మరి ఎందుకు కట్టావంటే, నాకు ఇష్టం, నా మీద నాకు బాగా కనబడుతుంది అంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఊపిరి గురించి, తిండి గురించి, కళ్ళు తిరగడం గురించి వరసగా అడిగింది. రత్నకుమారి అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. దీనివల్ల వెన్ను బలపడుతుందని అనుకోవద్దని, రోజంతా దీని మీదే ఆనుకుంటే కండ బద్ధకిస్తుందని డాక్టరమ్మ హెచ్చరించింది. తెలుసు, అందుకే ఆదివారాలు కట్టనంది ఈవిడ. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థమైనట్టే కనిపించారు. నా గ్రేడు సంగతి మాత్రం ఇద్దరికీ గుర్తులేదు.

మార్కుల్లో మూడు భాగాలుంటాయి. పనితనం, కుదుర్పు, చికిత్సా ప్రయోజనం. మొదటి రెంటికీ నిండా వేశారు. మూడోదానికి సున్నా. ఒక్క భాగంలో సున్నా వస్తే మొత్తం ఫెయిలు. డాక్టరమ్మ నన్ను పిలిచి, ఇంత బాగా కుట్టినదాన్ని నేను చూడలేదు, కానీ ఏ రోగానికని మార్కు వేయను అని అడిగింది. బయటికి రాగానే మిశ్రాజీ, ఆ పైపే ఎవరైనా రోగికి తొడిగించి ఉంటే పాసయ్యేవాడివని హిందీలో, తర్వాత భోజ్‌పురిలో తిట్టాడు.

రత్నకుమారి వరండాలో ఆగింది. జాలి చూపిస్తుందేమో, కూలి కింద ఏమైనా ఇస్తుందేమో అని కొంచెం ఆశపడ్డాను. ముప్పయ్యైదు రూపాయలు చేతిలో పెట్టింది.

“మూడు తక్కువండి” అన్నాను.

“శనివారం ఉత్తినే తిప్పినారు కదండీ. రానూ పోనూ ఆటో ఎవరిస్తారు?” నేను నోరు తెరిచేలోపు, “గుప్తాగారూ, మీకు గ్రేడు పోయింది, నాకు తెలుసు. దానికీ దీనికీ కలపకండి” అని నమస్కారం పెట్టి ఆదిత్యపూర్ ఆటో ఎక్కింది. స్టోర్సుకి ఆ మూడు రూపాయలు నేనే కలిపి కట్టాను.

ఆరు నెలల తర్వాత మళ్ళీ టెస్టు పెట్టారు. పోలియో వచ్చిన పిల్లకి కాలిపరు చేసి పాసయ్యాను. ఆ సంగతిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. టేపు తీసేముందు వస్తువు ఎందుకు కావాలో అడగాలి, చెప్పిన జవాబే కార్డు మీద రాయాలి. నొప్పి ఉన్న మనిషికి ఒంటిని పట్టి నిలిపేది కావాలి. ముస్తాబు కోసం కట్టుకునే మనిషికి ఒంటితో పాటు కదిలేది కావాలి. ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది వచ్చేసినట్టు కాదు. ఎంత తగ్గించాలన్నది కట్టుకునేవాళ్ళ ఊపిరి చెప్పాలి. టెక్నీషియను నోరు కాదు.

ఇక లెక్క. గ్రేడు తేడా నెలకి యాభై, ఆరు నెలలకి మూడు వందలు. నాన్నకి పూర్తి రేటున ఇచ్చింది ఇరవైరెండు. స్టోర్సుకి కలిపి కట్టింది మూడు. మొత్తం మూడు వందల ఇరవైయైదు. ఆ తర్వాత రెండేళ్ళలో రత్నకుమారి పేరు చెప్పుకుని ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు, ఒకరు సోనారి నుంచి, ఇద్దరు రైల్వే క్వార్టర్ల నుంచి. మిశ్రాజీకి చెప్పే, సెలవు రోజుల్లో ఇంటి దగ్గర కుట్టి ఇచ్చాను. ముగ్గురి దగ్గరా కలిపి కూలి నూటయాభై. తీసేస్తే నూట డెబ్భైయైదు రూపాయల నష్టం. దాన్ని అనుభవం ఖాతాలోకి మార్చి లాభమని చూపించే పద్ధతి ఒకటుందని విన్నాను. మా కొట్టులో ఆ ఖాతా లేదు.